తర్వాత ఏ అక్షరం?

మూడో తరగతి బాబు వాళ్లమ్మ ఈ వారం మూడు కరపత్రాలు తెచ్చి నా ముందు పెట్టింది. బాబుకు డిస్లెక్సియా, అంటే చదవడంలో ఇబ్బంది, ఉందని పరీక్షలో తేలింది. "ఇందులో ఏది మంచిదో చెప్పండి మేడమ్, అప్పు చేసైనా కడతాం" అంది. ఒకరు రంగు కళ్లద్దాలతో చదువొస్తుందంటున్నారు, ఇంకొకరు కంటి వ్యాయామాలతో. చూసి ఒళ్లు మండింది. ఈ ఇబ్బందికి మూలం కళ్లలో లేదని, ఆ అద్దాలకూ వ్యాయామాలకూ ఆధారం లేదని అమెరికాలోని పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు కలిసి 2009లోనే ప్రకటించాయి.

మూడోది నిఖార్సైన ఇంగ్లిష్ పద్ధతే. 1930లలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ చేసిన పనిలోంచి పుట్టింది. శబ్దం పలుకుతూ, అక్షరం చూస్తూ, వేలితో దిద్దుతూ మెట్టు మెట్టుగా నేర్పుతారు.

వేలితో దిద్దడం అనగానే నా మనసు బళ్లారికి పోయింది. 1823లో అక్కడి కలెక్టర్ క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద ఒక నివేదిక రాశాడు. మొత్తం 533 బడులు, అందులో తెలుగువి 226. బడిలో చేరిన పిల్లలు ముందు ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చుకుంటారని, యూరప్‌లోలా వర్ణమాల పలకడంతో మొదలుపెట్టరని అందులో ఉంది. చేయి తిరిగాకే తాటాకూ గంటమూ. అర్థం తెలియని పద్యాలను పిల్లలు చిలకల్లా అప్పజెబుతున్నారని కూడా ఆయన బాధపడ్డాడు. మా అమ్మమ్మ కూడా చాటలో ఇసుక పోసి నాతో దిద్దించేది. చేయి పట్టుకుని 'ఖ' తిప్పించిన తీరు ఇప్పటికీ వేలికి గుర్తుంది.

మన పద్ధతి మనకుండగా ఈ ప్రోగ్రాములెందుకు అని రాద్దామనే కూర్చున్నాను. బాబును పక్కన కూర్చోబెట్టుకున్నాక ఆ వాక్యం రాయబుద్ధి కాలేదు. 'క' గుణింతం గడగడా చెప్పాడు. 'కై' ఒక్కటే చూపిస్తే మళ్లీ 'క' నుంచి మొదలుపెట్టి, వేళ్లు మడుస్తూ అక్కడికి వచ్చాడు. మకీ యకీ తేడా అందలేదు. 'క్ర'కూ 'కృ'కూ మధ్య చిక్కుకుపోయాడు. 'క్ర'లో ర ఒత్తు ఎడమవైపు నుంచి చుట్టుకొస్తుంది, పలికేది మాత్రం చివర. ఇసుకా ప్రేమా రెండూ ఉన్నా, ఈ బిడ్డకు తర్వాత ఏ అక్షరం నేర్పాలో, ఒకేలా కనబడేవాటిని ఎంత ఎడంగా ఉంచాలో, ఒత్తులు ఎప్పుడు మొదలుపెట్టాలో అవి చెప్పవు. ఎవరో ఒకరు కూర్చుని వేసిన వరుస కావాలి. అంటే ప్రోగ్రామే కావాలి.

కానీ అది తెలుగు తెలిసినదై ఉండాలి. బి, డి తేడా కోసం రాసిన పాఠాల్లో మ, య ఉండవు. ఇంకో చిక్కు కూడా ఉంది. మన భాషలో రాతకీ పలుకుకీ పొంతన ఎక్కువ. అలాంటి భాషల్లో ఈ పిల్లలు తప్పుల కంటే ఎక్కువగా నెమ్మదితనంతో బాధపడతారు. తప్పులు మాత్రమే లెక్కపెట్టే ప్రోగ్రాం, పేజీకి పావుగంట తీసుకునే పిల్లాడికి కూడా చదువొచ్చేసిందని సర్టిఫికెట్ ఇస్తుంది. కథలు చదివి వినిపించడం మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దని ఆ తల్లికి చెప్పాను. కథ విని అర్థం చేసుకోవడానికి అతనికి ఏ అడ్డూ లేదు.

తల్లిదండ్రులారా, డబ్బు కట్టేముందు తెలుగు అక్షరాలు నేర్పే వరుస కాగితం మీద చూపించమనండి. ఒత్తులు ఎలా నేర్పుతారో, వేగం ఎలా కొలుస్తారో అడగండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి. వచ్చి బడికి వెళ్లండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ ఇలాంటి ఇబ్బందిని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన రీతిలో బోధించేలా ప్రభుత్వం కృషి చేయాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ పేరు చెప్పి హెడ్మాస్టరు గారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.