పద్దుకెక్కని అప్పు

పాత అంగడి పద్దు పుస్తకాలు పల్లె చరిత్రకు గొప్ప ఆధారాలని మన విశ్వవిద్యాలయాల్లో చెబుతారు. మేమూ కాదనం. పందొమ్మిదో శతాబ్దంలో ఎవరు ఉప్పు కొన్నారో, ఎవరు గుడ్డ కొన్నారో, ఎవరెంత బాకీ పడ్డారో వాటిలో దొరుకుతుంది. అయితే రాసిన చెయ్యి ఎవరిది, చదవగలిగిన కన్ను ఎవరిది, అసలు పద్దుకే ఎక్కని వాళ్లెవరు అని అడక్కుండా చదివితే, గల్లాపెట్టె వెనక కూచుని ఊరిని చూసినట్టే అవుతుంది.

ముందు ఆ పుస్తకం సంగతి చూద్దాం. మన ప్రాంతాల్లో వర్తకులు లెక్కలకు కడితం వాడేవాళ్లు. గుడ్డకు చింతగింజల గంజి, బొగ్గుపొడి పట్టించి, మడతలు పెట్టి, బలపంతో రాసేది. తుడిచి మళ్లీ రాయొచ్చు, పూత పోతే మళ్లీ పూయొచ్చు. లెక్కేమో కాలు, వీసం, కాణి అని నాలుగో వంతుల్లో దిగుతుంది. వీసం పదహారో వంతు, కాణి అరవైనాలుగో వంతు. వీటికి వేరే గుర్తులు. బడి గడప తొక్కనివ్వని మనిషి తన బాకీ తాను చదువుకునేదెట్లా?

ఈ అనుమానం చట్టానికీ ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం 34వ సెక్షను ప్రకారం వ్యాపారంలో క్రమంగా రాసే లెక్క పుస్తకం సాక్ష్యానికి పనికొస్తుంది. కానీ అదొక్కటే చూపించి ఎవరి మీదా బాకీ మోపడానికి లేదు. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఈ నియమం ఉంది. కోర్టుకున్న ఈపాటి జాగ్రత్త చరిత్ర రాసేవాళ్లకు ఎందుకుండకూడదు?

1875 మే నెలలో పూనా జిల్లా సూపాలో, ఆ తర్వాత అహ్మద్‌నగర్ జిల్లా ఊళ్లలో రైతులు షావుకార్ల బాండ్లు, లెక్క పుస్తకాలు గుంజుకొని తగలబెట్టారు. ఆ దెబ్బతోనే 1879లో దక్కన్ వ్యవసాయదారుల ఉపశమన చట్టం వచ్చింది. అప్పిచ్చినవాడు రసీదివ్వాలని, అడిగితే ఏటా లెక్క రాసివ్వాలని అది చెప్పింది. మంచిదే. అయితే కాగితం తగలబెట్టాలన్నా ఆ కాగితంలో పేరుండాలి గదా! పేరే లేనివాళ్ల మాటేమిటి?

ఇక మన నేలకొద్దాం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు ఈ సీమ ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల కింద ఉండేది. సేద్యమంతా చెరువులు, కపిల బావుల మీద. కపిలకు తోలు తొండం కుట్టింది మాదిగ. చాలా ఊళ్లలో చెరువు నీళ్లు మళ్లించే నీరుగట్టి కూడా మాల మాదిగల్లోని వాడే. వాళ్లకు ముట్టేది కళ్లంలో కొలిచే మేర. ఆ గింజలు ఏ అంగడి పద్దులో ఉంటాయి? జీతానికుండే మనిషి బాకీ భూస్వామి నోట్లోనే ఉంటుంది. నోటి లెక్కను మార్చడానికి తుడిచే పని కూడా లేదు. అంగడి పుస్తకం ఒక్కటే పట్టుకుని ‘షావుకారు దోచాడు’ అని రాసి ఊరుకుంటే, ఏ పుస్తకమూ రాయకుండా దోచిన పెద్ద రైతు తప్పించుకుంటాడు.

1876–78 కరువును ఇట్లా చూడాలి. పంట లేదు, కళ్లం లేదు, కాబట్టి మేరా లేదు. ఖాతా లేనివాడికి అంగట్లో అరువు ఎవరిస్తారు? ఆ ఏళ్ల పద్దుల్లో పరిశోధకుడికి అమ్మకాలు తగ్గినట్టు కనబడొచ్చు. ఖాతా లేకుండా ఆకలికి చచ్చినవాళ్లు ఏ పేజీలోనూ కనబడరు.

మా ఇండ్లలో అవ్వలు కూలి లెక్క గోడ మీద బొగ్గు గీతలు గీసి పెట్టుకునేవాళ్లు. పండక్కు సున్నం కొడితే ఆ దస్త్రం పోయేది. పద్దు పుస్తకాలు చదవొద్దని మేం చెప్పడం లేదు. చదవండి. దాంతోపాటు మీ ఊళ్లో తోలు పనికి, నీరు మళ్లించినందుకు, కళ్లం ఊడ్చినందుకు ఎన్ని మానికలు కొలిచేవాళ్లో, ఏ సాకుతో కోత పెట్టేవాళ్లో ముసలివాళ్లను అడిగి రాసుకురండి. ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో తేలుతుంది.