ఎముకలో ముసలి కణాలు: ఒక ప్రయోగం పనితనం

వయసు మీదపడితే ఎముకలు గుల్లబారతాయని అందరికీ తెలుసు. స్నానాల గదిలో కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దవాళ్లు లేని బంధువర్గం మనలో అరుదు. డాక్టరును అడిగితే ‘వయసు వల్ల’ అంటారు. అది నిజమే, కానీ కారణం అక్కడితో తేలదు. వయసులోని ఏ అంశం ఎముకను పలచబరుస్తోంది? అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న మేయో క్లినిక్‌లో సుందీప్ ఖోస్లా, జాషువా ఫార్ బృందం ఈ ప్రశ్నను జన్యుశాస్త్రంతో విడదీసి చూపింది. ఫలితం ఎంత విలువైనదో, దాన్ని రాబట్టిన తీరు అంతకన్నా విలువైనదని నా నమ్మకం.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. ప్రయోగశాలలో పెంచిన మనిషి కణాలు సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ చూపించారు. అలా ఆగిన కణం చచ్చిపోదు. బతికే ఉండి, చుట్టుపక్కల కణాలను రెచ్చగొట్టే వాపు రసాయనాలను వదులుతూ ఉంటుంది. ఇవే ముసలి కణాలు. విభజనకు అడ్డుకట్ట వేసే పి16 అనే ప్రోటీను వీటిలో చాలావాటికి గుర్తు.

ఎముక నిర్జీవమైన రాయిలా కనిపిస్తుంది గాని, లోపల నిత్యం పని నడుస్తూనే ఉంటుంది. ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను కరిగిస్తాయి, ఆస్టియోబ్లాస్టులు కొత్తది కడతాయి. ఎముకలోనే కూరుకుపోయి ఏళ్ల తరబడి బతికే ఆస్టియోసైట్లు ఈ రెండింటికీ సంకేతాలిస్తాయి. మొత్తం ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. వయసుతోపాటు ఎముకలోని కణాల్లో పి16 పెరుగుతోందని, ముఖ్యంగా ఆస్టియోసైట్లు ముసలివవుతున్నాయని ఖోస్లా బృందం 2016లో గమనించింది. అయితే, ఎముక పలచబడినచోట ముసలి కణాలు కనిపించినంత మాత్రాన అవే దోషులని తేలదు. నెరిసిన జుట్టు కూడా అదే వయసులో కనిపిస్తుంది. దోషం రుజువు కావాలంటే ముసలి కణాలను మాత్రమే తీసేసి, మిగతా శరీరాన్ని కదపకుండా, ఎముక ఏమవుతుందో చూడాలి.

అంత సున్నితమైన ఏరివేత మందులతో కష్టం. అందుకు కావలసిన పనిముట్టు 2011లోనే మేయోలో డారెన్ బేకర్, యాన్ వాన్ డ్యూర్సన్ బృందం చేతుల్లో తయారైంది. దాని పేరు ఇంక్-అటాక్ ఎలుక. కణాన్ని ఆత్మహత్యకు పురిగొల్పే క్యాస్పేజ్-8 అనే ఎంజైమును వాళ్లు తీసుకున్నారు. అది ఒంటరిగా ఉంటే ఊరకుంటుంది, రెండు అణువులు జతకూడితేనే పనిచేస్తుంది. ఏపీ20187 అనే మందు ఇస్తే తప్ప జత కుదరకుండా దాన్ని మలిచారు. ఆ జన్యువును ఎలుకలో పి16 జన్యువు స్విచ్చు కింద అమర్చారు. అంటే పి16 వెలిగిన కణంలోనే ఆ ఎంజైము తయారవుతుంది, మందు అందినప్పుడే అది చంపుతుంది. బ్యాంకు లాకరు తెరవాలంటే మేనేజరు తాళంచెవి, ఖాతాదారు తాళంచెవి రెండూ కావాలి కదా, ఇదీ అంతే. మొదటి తాళంచెవి కణం వయసు చేతిలో ఉంది, రెండోది శాస్త్రవేత్త చేతిలో ఉంది. ఎప్పుడు ఏరాలో శాస్త్రవేత్త నిర్ణయిస్తాడు. ఎవరిని ఏరాలో కణమే చెబుతుంది.

ఈ పనిముట్టుతో ఖోస్లా బృందం చేసిన ప్రయోగం 2017లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చింది. 20 నెలల వయసున్న, అంటే బాగా ముసలివైన ఎలుకలకు వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు నెలలు ఆ మందిచ్చారు. ఎముక ద్రవ్యరాశి, బలం, లోపలి అల్లిక అన్నీ మెరుగుపడ్డాయి. ఎవరైనా ఇక్కడ ఆగి సంబరపడేవారు. వీళ్లు ఆగలేదు. జన్యుమార్పు లేని మామూలు ముసలి ఎలుకలకు ముసలి కణాలను చంపే డాసాటినిబ్, క్వెర్సెటిన్ మందుల జంటను నెలకొకసారి ఇచ్చి చూశారు. మరో గుంపులో కణాలను చంపకుండా, అవి వదిలే రసాయనాలను మాత్రం అణిచే జాక్ నిరోధకాన్ని వాడారు. మూడు దారులూ ఒకే చోటుకు చేరాయి. ఏ ఒక్క మందుకో ఉన్న పక్క ప్రభావం ఇదంతా చేసిందనే సందేహానికి అక్కడితో చోటు తగ్గిపోయింది.

ఇంకో లోతైన విషయం ఉంది. ఎముక కరగడం, కట్టడం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న చాలా మందులు కరగడాన్ని ఆపితే, వెంటే కట్టడమూ మందగిస్తుంది. ముసలి కణాలను తీసేసిన ఎలుకల్లో మాత్రం కరగడం తగ్గినా, లోపలి మెత్తటి ఎముకలో కట్టడం నిలకడగా ఉంది, పైపొర గట్టి ఎముకలో పెరిగింది కూడా. ఈ పని మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే.

తర్వాతి ప్రశ్న మరింత నిశితమైనది. చెడు చేస్తున్నవి ఎముకలోని ముసలి కణాలేనా, శరీరంలో మరెక్కడో ఉన్నవా? దీనికోసం పనిముట్టునే మళ్లీ మలిచారు. ఆత్మహత్య జన్యువుకు ముందు ఒక అడ్డంకి పెట్టి, ఆస్టియోసైట్లలో మాత్రమే అది తెగిపోయేలా చేశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. ఆస్టియోసైట్లలోని ముసలివాటిని మాత్రమే తీస్తే వెన్నెముక నిలిచింది, తొడ ఎముక నిలవలేదు. ఆస్టియోక్లాస్టుల సంఖ్య తగ్గలేదు. శరీరమంతటా తీస్తే రెండు ఎముకలూ నిలిచాయి, ఆస్టియోక్లాస్టులూ తగ్గాయి. ముసలి కణాలను పడుచు ఎలుకల కడుపు కుహరంలోకి ఎక్కించి చూస్తే, ఎక్కడో దూరాన ఉన్న ఆస్టియోసైట్లు కూడా ముసలివయ్యాయి, ఎముక తరిగింది. ఎముక ఆరోగ్యం ఎముకలోనే తేలిపోయేది కాదని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగాలు తక్కువ.

ఎలుకలో నిజమైనది మనిషిలో నిజం కావాలని లేదు. ఆ పరీక్షా ఈ బృందమే చేసింది. ముట్లుడిగిన 60 మంది స్త్రీలలో, సగం మందికి డాసాటినిబ్, క్వెర్సెటిన్ జంటను విడతలుగా ఇస్తూ 20 వారాలు గమనించి, 2024లో ఫలితం ప్రకటించారు. ముందుగా ప్రధాన కొలమానంగా పెట్టుకున్నది ఎముక కరుగుదల సూచిక. అందులో తేడా రాలేదు. ఎముక కట్టడపు సూచిక తొలి వారాల్లో పెరిగి, చివరికి నిలవలేదు. రక్తంలోని టి కణాలనే రోగనిరోధక కణాల్లో పి16 ఎక్కువగా ఉన్న స్త్రీలకు మాత్రం మేలు ఎక్కువగా కనిపించింది. ఏళ్ల తరబడి తామే కట్టిన ఆలోచన మనుషుల మీది పరీక్షలో పూర్తిగా నెగ్గలేదని దాచకుండా చెప్పడం, ఎవరికి పనిచేయవచ్చో వెతకడానికి దారి చూపడం ఈ పనితనంలో భాగమే.

పాఠకులకు ఒక మాట. డాసాటినిబ్ రక్త క్యాన్సరుకు వాడే మందు. ఎముకల కోసం సొంతంగా వేసుకోవలసినది కాదు. ఇంట్లో 65 దాటిన స్త్రీలుంటే వారికి ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ చేయించండి, డాక్టరు చెప్పిన నిరూపిత చికిత్స మానకండి. ముసలి కణాల మీద పని ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అయినా, ‘వయసు వల్ల’ అని వదిలేసిన ఒక నష్టానికి పేరున్న, కొలవగల కారణాన్ని జన్యుశాస్త్రం చూపించింది.