ఒడ్డెక్కిన అక్షరాలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. నెల్లూరు తీరంలో మైపాడు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె లాంటి ఊళ్లలో వలలు బాగుచేసుకునేది, బోట్లకు రంగులు వేయించుకునేది ఆ రోజుల్లోనే. గంగమ్మ పేరో, బిడ్డ పేరో కొత్తగా రాయించుకోవడానికీ అదే అదను. ఆ రాతలో పాఠ్యపుస్తకపు బుద్ధిమంతతనం ఉండదు. అక్షరాలు ఒళ్లు విరుచుకుంటాయి, ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఇది చదువురాని రాత అనుకునేవాళ్లున్నారు. నేనొప్పుకోను, దాని వెనక గట్టి లెక్క ఉంది.

అణియం, అంటే ముందు కొస దగ్గర బోటు పక్క వంపు తిరిగి పైకి లేస్తుంది. గీత తిన్నగా కొడితే పేరు కిందికి జారినట్టు కనిపిస్తుంది, అందుకే గీత కూడా ఆ వంపుతోనే లేవాలి. పైగా మన లిపికి మూడంతస్తులు కావాలి. ‘శ్రీ’నే చూడండి, నెత్తిన గుడిదీర్ఘం, కింద క్రావడి. ‘లక్ష్మి’కి ఒత్తుల బరువంతా ఒకేచోట పడుతుంది. పేరులో ఒత్తులెక్కడున్నాయో చూశాకే అక్షరం ఎత్తు తేల్చుకోవాలి. ‘గంగమ్మ’లోని రెండు ‘గ’లనూ చేయి తిరిగిన పెయింటరు ఒకేలా రాయడు. తలకట్టును అలలా ఊపుతాడు, కొమ్మును తోకలా సాగదీస్తాడు. అయితే ‘ద’ను ‘ధ’ చేసే చిన్న గీత జోలికి మాత్రం పోడు. అది చెదిరితే పేరే మారిపోతుంది.

ఈ చిలిపితనాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చిన ఫాంట్లలో ‘లక్కిరెడ్డి’ ఒకటి. దర్భా అప్పాజీ అంబరీష దీన్ని 2013లో రూపొందించగా సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. బాపు చేతిరాతకు అలవాటుపడిన మన శుభలేఖలకు ఇది మరో దారి చూపింది. పిల్లల పుస్తకం అట్ట, నాటకం పోస్టరు, చేపల పులుసు హోటల్ బోర్డు దీనికి తగిన చోట్లు. రెండు మూడు మాటలు, పెద్ద సైజు, చుట్టూ ఖాళీ ఉంటే చాలు. పేరాలకు పేరాలు దీనితో నింపడం మాత్రం అన్యాయం. పదో వాక్యానికే కన్ను అలసిపోతుంది.

ఫాంటుకు ఒక చిక్కుంది. ‘గ’ ఎన్నిసార్లు వచ్చినా అచ్చుగుద్దినట్టు ఒకేలా పడితే అది చేతిరాత కాదని ఇట్టే తెలిసిపోతుంది. ఓపెన్‌టైప్ పద్ధతిలో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు పెట్టి, పక్క అక్షరాన్ని బట్టి మార్చే వీలుంది. గుణింతాలు, ఒత్తులు అన్నిటికీ ఆ రూపాలు గీయాలంటే పని ఎన్నో రెట్లవుతుంది. అయినా చేయదగ్గ పనే. దానికి కావలసిన నమూనాలు ఒడ్డున వరసగా నిలబడి ఉన్నాయి. తెలుగు ఫాంట్లు గీసేవాళ్లు వేట ఆగిన రోజుల్లో కెమెరాలతో ఇక్కడికి రావాలి. అదీ ఏప్రిల్‌లోనే, పాత పేర్ల మీద కొత్త రంగు పడకముందే.