మన అలమారలో లేని పుస్తకములు



రెండేండ్ల క్రిందట ఒక ఆదివారమున కామవరపుకోటలో 102వ కీర్తనపై ప్రసంగించితిని. శ్రమలోనున్న భక్తుడు తన్ను అడవిలోని గూడబాతుతో పోల్చుకొనిన సంగతి మీరెరుగుదురు. నా యొద్దనున్న మూడు వ్యాఖ్యాన గ్రంథములు తిరుగవేసి, ఒంటరితనమును గూర్చి ముప్పది నిమిషములు చెప్పితిని. ఆరాధన ముగిసిన పిమ్మట, కొల్లేటి లంకనుండి బంధువుల యింటికి వచ్చిన ఒక వృద్ధుడు నా చేయి పట్టుకొని, "వాక్యం బాగా చెప్పారండి అయ్యగారూ. కానీ గూడబాతు అడివిలో ఉండదండి. నీళ్ల మీద గుంపుగా ఉంటదండి. అడివిలో ఒక్కటీ ఉందంటే, అది దారి తప్పినట్టండి" అనెను.

నేను సెమినరీలో చదివినవాడను. ఆ హెబ్రీ మాట ఏ పక్షిని సూచించునో పండితులలో భేదాభిప్రాయము కలదనియు, గుడ్లగూబ అని కొందరు చెప్పుదురనియు ఎరుగుదును. గూడబాతును మాత్రము అంతవరకు కంట చూచియుండలేదు. ఏలూరు దాటినచో కొల్లేరే గదా! భక్తుని దుఃఖమంతయు ఆ ముసలివాని ఒక్క మాటలో నాకు తెలిసినది. మూడు వ్యాఖ్యానములలో అది లేదు.

ఆ నెలలోనే కైకలూరు దగ్గరనున్న ఆటపాకకు పోయి, నీటి నడుమ నిలిపిన ఇనుప స్టాండ్లమీద గూడబాతులు గూళ్లు పెట్టుకొనియుండుట చూచితిని. తిరిగి వచ్చుచు ఏలూరులో నాకు పరిచయమున్న ఒక అధ్యాపకుని యొద్ద సలీం అలీ భారతదేశ పక్షులను గూర్చి ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథము అడిగి తెచ్చుకొంటిని. 1941లో మొదట వెలువడి, అనేక ముద్రణలు పొందిన పుస్తకమది. దానిని మన పుస్తకమువలె మొదటి పుటనుండి చదువబోయి రెండు రోజులలో విసిగితిని. కథ లేదు, హెచ్చరిక లేదు, ఆదరణ లేదు. ఈ పిట్ట పిచ్చుకంత, ఆ పిట్ట గోరువంకంత, మరియొకటి కాకికంటె పెద్దది అని కొలతలు. ఎక్కడ మేయును, ఎప్పుడు గ్రుడ్లు పెట్టును అను వివరములు. తరువాత ఒక సాయంకాలము పొలముగట్టున కనబడిన పిట్టను ఇంటికి వచ్చి ఆ పుస్తకములో వెదకితిని. దొరికినది! నాటినుండి దానిని చదువు విధము నాకు తెలిసినది. ముందు పిట్టను చూడవలెను, పిమ్మట పుట తెరువవలెను.

ఆ దారినే పోగా మరియొక సంగతి చదివితిని. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షి పరిశోధకుడు మన కొల్లేటి ప్రాంతమున వేలకొలది గూడబాతులు గూళ్లు పెట్టు స్థలమును కనుగొని లోకమునకు తెలిపెను. 1970వ దశకములో ఆ పక్షులు ఆ చోటు విడిచిపోయెను. ఇప్పుడు 102వ కీర్తన తెరచినప్పుడెల్లను ఆ విడువబడిన చెట్లు నా కన్నులయెదుటికి వచ్చుచున్నవి.

కాపరులమైన మా అలమారలలో నుండునవేవో మీకు తెలియును. వ్యాఖ్యానములు, ప్రసంగ సంగ్రహములు, మిషనెరీల జీవితచరిత్రలు, పాటల పుస్తకములు. వాటిని నేను తక్కువ చేయను. ముప్పదేండ్లుగా వాటితోనే బ్రదికితిని. అయితే బయటి పుస్తకము చేతికి వచ్చినప్పుడు మనము చేయు పొరపాటొకటి కలదు. మన పుస్తకము ఇచ్చునదే అదియు ఇయ్యవలెనని కోరుదుము. మా మెట్టలో జీడిమామిడి తోట చూచి, ఇందులో వరి ఏల పండలేదని ఎవడైన అడుగునా?

కథలు విశ్వాసికి తగవని చెప్పు పెద్దలు కొందరు నేటికిని కలరు. వారి యిండ్లలోనే యాత్రికుని ప్రయాణము ఉండును. 1678లో వెలువడిన ఆ గ్రంథము కథ కాక మరేమి?

ఇక నా తప్పు ఒకటి చెప్పవలసియున్నది. పదునెనిమిదేండ్ల క్రిందట, వేరొక గ్రామములో నేను కాపరిగా ఉన్నప్పుడు, యౌవనస్థుల కూటములో వెనుక వరుసను కూర్చున్న ఒక పిల్లవాడు ఒడిలో ఏదో పెట్టుకొని చదువుచుండెను. లాగి చూచితిని. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి. "బైబిలు చదవడానికి లేని తీరిక దీనికెక్కడిదిరా?" అని అందరియెదుట గద్దించి, పుస్తకము తీసికొని పోతిని. వాడు బదులు పలుకలేదు. మరుసటి వారము రాలేదు. ఆ తరువాతను రాలేదు. వాని తల్లి ఒకసారి, "ఆ పుస్తకం వాడు కూలి డబ్బులతో కొనుక్కున్నాడండి అయ్యగారూ" అని మాత్రము చెప్పెను. అప్పుడైనను ఇచ్చివేసితినా? ఇయ్యలేదు. అది నా ట్రంకుపెట్టెలో నాతోకూడ నాలుగు ఊళ్లు తిరిగినది.

పక్షుల పుస్తకము చదివిన ధైర్యముతో ఆ పెట్టె తెరచితిని. ఉన్నవవారు ఆ నవలను చెరసాలలో వ్రాసిరి. అది 1922లో అచ్చుపడగా మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. చెరలో వ్రాసిన పత్రికలను ప్రతి వారము చదువు మనకు ఆ సంగతి ఒక్కటియే చాలియుండవలసినది. అందు రామదాసు విష్ణుభక్తుడు. అతని కుమారుడు సంగదాసు భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు చనిపోవును. మరియొక కుమారుడు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడను పేరుతో కలవారిని దోచి లేనివారికి పంచును. తండ్రి మాత్రము పగ పట్టడు. నేను ప్రసంగీకుడను గనుక ప్రతి అధ్యాయమునకు ఒక అన్వయము వెదకితిని. మొదటి నూరు పుటలు ఆ విధముగానే వ్యర్థము చేసికొంటిని. దానిని మానిన పిమ్మట ఆ పల్లె మాటలు వినబడసాగెను. అవి మా అమ్మమ్మ మాటలు. గ్రాంథికము రాజ్యమేలు దినములలో ఆయన ఆ మాటలను అచ్చులో పెట్టెను.

లోపములు లేవనను. రానురాను పాత్రలు మాటలాడుట మాని ఉపన్యసించుచున్నవి. ఉపన్యాసము మితిమీరుటను మా కాపరులకంటె త్వరగా పసిగట్టువారెవరు! అయితే ఒకచోట నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. ఆ కుటుంబము సెటిల్మెంటు అను పేరుగల చెరకు పోవలసివచ్చినది. ఆ కాలమున అట్టి సెటిల్మెంట్లు కొన్నిటిని ప్రభుత్వము తరఫున నడిపినది మన క్రైస్తవులే, రక్షణ సైన్యమువారు. సేవయని మనము చెప్పుకొను దానిని లోపలనున్నవాడు ఏమని చెప్పుకొనెనో మన మిషను చరిత్రలలో నాకు కనబడలేదు. ఆ పిల్లవానికి అది పదునెనిమిదేండ్లకు ముందే తెలిసియుండెను.

మీలో నవల ఎన్నడు చదువనివారు వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము మొదట పట్టుకొనుడి. 1878లో పత్రికలో మొదలై 1880లో పుస్తకముగా వచ్చినది. గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన ఒక పల్లెటూరి పాదిరి కథ దానికి ప్రేరణ. 1887లో అది ఇంగ్లీషులోనికి కూడ పోయినది. ధవళేశ్వరములోని రాజశేఖరుడు బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి చెడుట చదువునప్పుడు మీ ఊరివాడొకడు తప్పక జ్ఞాపకము వచ్చును. ఎరిగిన గుమ్మములోనుండి ఎరుగని యింటిలోనికి పోవుట సుళువు. అన్నియు రుచించునని చెప్పను. ఒక అపరాధ పరిశోధక నవలను నేను 50 పుటలు చదివి విడిచితిని. హంతకుడెవడో నేటికిని తెలియదు, చింతయు లేదు.

మొన్నటి వేసవిలో ఆ తల్లిని అడిగి కుమారుని ఫోను నంబరు తీసికొంటిని. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. నా పేరు చెప్పగా కొంతసేపు నిశ్శబ్దము. క్షమింపుమని అడిగి, పుస్తకము పంపెదనంటిని. "చదివారా అయ్యగారూ?" అనెను. చదివితినంటిని. "మొత్తం?" అనెను. మొత్తమనగా నవ్వెను. క్షమించితినని మాత్రము చెప్పలేదు. నేనును రెండవసారి అడుగలేదు.

మాలపల్లిని బస్సు పార్సెలులో పంపితిని. పది దినములకు అతని యొద్దనుండి ఒక పొట్లము వచ్చినది. జాషువాగారి గబ్బిలము. జాషువాగారిని మనము క్రీస్తు చరిత్రకై ఎరుగుదుము. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. 1941లోని ఈ కావ్యమును మాత్రము నేను తెరచియుండలేదు. గుడిలోనికి రానీయబడనివాడు గుడిలోనికి పోగల గబ్బిలముతో తన మొర శివునికి పంపుకొనుట ఇందలి కథ. పద్యములు నాకు సుళువుగా కొరుకుడు పడుట లేదు. నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, రాత్రి ప్రార్థన పిమ్మట దినమునకు నాలుగు పద్యములు చొప్పున చదువుచున్నాను.