జానెడైనా లేని బోర్డు

విశాఖలో డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకుందామని ద్వారకానగర్ షాపులకు వెళ్తే మదర్‌బోర్డు దగ్గర తేల్చుకోవాల్సింది సైజే: ఏటీఎక్సా, మైక్రో ఏటీఎక్సా, మినీ ఐటీఎక్సా? చిన్న బోర్డు అనగానే ఏదో కోసేసి అమ్ముతున్నారని అనుమానం. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ కోశారో, ఎక్కడ కోయలేదో తెలుస్తుంది.

1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 305 మి.మీ. పొడవు, 244 మి.మీ. వెడల్పు, ఏడు ఎక్స్‌పాన్షన్ స్లాట్లకు చోటు. 1997 నాటి మైక్రో ఏటీఎక్స్ రెండు వైపులా 244. తగ్గింది పొడవులో 61 మి.మీ. మాత్రమే. స్లాటుకూ స్లాటుకూ దూరం 20.32 మి.మీ. కాబట్టి అది సరిగ్గా మూడు స్లాట్ల మేర. నాలుగు మిగిలాయి. ప్రాసెసర్, ర్యామ్ ఉండే పై భాగం జోలికి పోలేదు.

అసలు పనితనమంతా మినీ ఐటీఎక్స్‌లో ఉంది. 2001లో తైవాన్ కంపెనీ వయా రూపొందించిన ఈ కొలత 170 మి.మీ. చదరం, ఏటీఎక్స్ వైశాల్యంలో నలభై శాతం కూడా లేదు. అయినా ప్రాసెసర్ సాకెట్ అదే, గ్రాఫిక్స్ కార్డు స్లాటూ అదే. ర్యామ్ స్లాట్లు రెండే, కానీ మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు మెమరీ చానళ్లూ రెండే, చెరొకటి సరిపోతుంది. చాలా బోర్డుల్లో రెండో ఎస్ఎస్‌డీ వెనకవైపున కూర్చుంటుంది. పైన చోటు చాలక రాగి దారుల్ని పొరలు పొరలుగా లోపలికి దించుతారు. చవక బోర్డుల్లో నాలుగు పొరలుంటే వీటిలో ఎనిమిది, పది కూడా ఉంటాయి. సాకెట్ నుంచి ర్యామ్‌కు పోయే గీతల్ని లైటు కింద ఏటవాలుగా పట్టి చూడండి. దగ్గర దారి ఉన్నవి కూడా కావాలనే మెలికలు తిరుగుతాయి. దూరం నుంచి వచ్చే గీతలతో పొడవు సమానమై, సంకేతాలన్నీ ఒకేసారి చేరాలని వేసిన మెలికలవి. నాలుగు స్క్రూ రంధ్రాలు కూడా ఏటీఎక్స్ కేబినెట్‌కు సరిగ్గా అతికేలా ఉంటాయి.

ఇంత పనికి ధరా ఎక్కువే. పైగా పోర్టు పక్క బొగ్గు ధూళి, బీచ్ దగ్గర ఉప్పుగాలి, వేసవి ఉక్కపోత. ఇరుకు కేబినెట్‌లో వేడి త్వరగా పేరుకుంటుంది, దుమ్ము దులపాలంటే సగం విప్పాలి. అందుకే ఏసీ లేని గదిలో, ఒక్క గ్రాఫిక్స్ కార్డుతో సరిపెట్టుకునే ఇంటికి మైక్రో ఏటీఎక్స్ మేలు. టేబుల్ మీద చోటే కరువైతే మినీ ఐటీఎక్స్‌కు డబ్బు పెట్టొచ్చు. ఏటీఎక్స్ మాత్రం క్యాప్చర్ కార్డు, నెట్‌వర్క్ కార్డు అంటూ పెంచుకుంటూ పోయేవారికే. బోర్డు మీద స్లాట్లు లెక్కపెట్టేముందు, వాటిలో పెట్టబోయే కార్డులు లెక్కపెట్టుకోండి.