‘ఘాట్’ శబ్దమును మన గట్టును

ఆంగ్లేయులు హిందూదేశమునుండి కొనిపోయిన మాటలలో ‘ఘాట్’ అనునది మిక్కిలి చిక్కులు గలది. యూలు, బర్నెలు పండితులు 1886లో ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువునందు దీనికి మూఁడర్థము లీయఁబడినవి: నదిలోనికి దిగు రేవు, కొండనుండి దిగు త్రోవ, తూర్పు పడమటి తీరములవెంట నున్న పర్వతపంక్తులు. మొదటి రెంటికిని దిగుట సమానము. మూఁడవది పొరపాటువలనఁ బుట్టియుండునని యా నిఘంటుకారులే యూహించిరి. కనుమలకుఁ బైదేశమును బాలాఘాట్ అనియు, క్రిందిదేశమును పాయీన్‌ఘాట్ అనియు వ్యవహరించుట విని, ఘాట్ అనఁగాఁ గొండలవరుస యని విదేశీయులు తలఁచిరఁట. ఈ యూహ నాకును సమ్మతమే.

వింత యేమనఁగా, ఆ పొరపాటునే మనము తెలుఁగున మరల నొకసారి చేసితిమి. కనుమ యనఁగాఁ గొండలనడిమి దారి. అట్లుండ మన భూగోళపాఠములలోఁ ‘తూర్పు కనుమలు’ ‘పడమటి కనుమలు’ పర్వతములైనవి! కనుమ యెంత యెత్తని బాలుఁ డడిగిన నుపాధ్యాయుఁ డేమి చెప్పవలెను?

తగిన మాట మనకు లేకపోలేదు. జగిత్యాల జిల్లా మల్యాల మండలమునందలి కొండగట్టును జూడుఁడు. అంజన్న వెలసిన యా స్థలనామమున గట్టు రేవు గాదు, దారి గాదు, ఎత్తైన నేలయే. ఏటిగట్టు, పొలముగట్టు అన్నచోటులను పల్లముప్రక్కనున్న మిట్టయే యర్థము. ‘గట్టెక్కుట’ యను పలుకుబడి యింకను స్పష్టము. ఘాట్‌లో దిగుదుము, గట్టుమీఁది కెక్కుదుము. గట్టు సంస్కృత ‘ఘట్ట’ శబ్దభవ మనువారు ఈ భేదమునకు సమాధానము చెప్పవలసియున్నది. నాకు మాత్ర మిది ‘కట్ట’కుఁ జుట్టమని తోఁచును, చెరువుకట్ట, చెరువుగట్టు ఒకటియే కదా. కట్టను మనుష్యులు కట్టుదురు, కొండ నెవరును గట్టరే యని యాక్షేపింపవచ్చును. నల్లగొండ జిల్లాలోని చెరువుగట్టున రామలింగేశ్వరుఁడు వెలసినది గుట్టమీఁద. మిట్ట యను సామాన్యార్థము కట్టనుండి కొండకుఁ బ్రాఁకుట కంతకన్న దృష్టాంత మేల?

ఇప్పుడు కొండగట్టునకుఁ బోవు మోటారుదారిని ‘ఘాట్‌రోడ్డు’ అందురు. 2018 సెప్టెంబరు 11న ఆ దారిన దిగుచున్న బస్సు లోయలోఁ బడి యఱువదిమందికిఁ బైగా మరణించిన దుర్దినమునఁ బత్రికలును ఈ మాటనే వ్రాసినవి. ఇచట నాంగ్లశబ్దము తన రెండవ యర్థమున సరిగానే నిలిచినది: కొండకు గట్టు, దిగు త్రోవకు ఘాట్. జనులు తెలియకయే పాటించిన యీ వివేకమును పాఠ్యగ్రంథకర్తలు గ్రహించి, కనుమను దారికే విడిచి, పర్వతపంక్తులను ‘తూర్పుగట్లు’ ‘పడమటిగట్లు’ అని వ్రాయుదురేని నాకు వేఱు వివాదము లేదు.