తంగేడు పసుపు ఎక్కడ ఆగాలి

పెంబర్తి ఇత్తడి తొడుగును ఫొటో తీసి కంప్యూటర్‌లో తెరిస్తే ముందు కంటికి కొట్టేది మెరుపు. కాస్త ఆగి చూస్తేనే అసలు పని తెలుస్తుంది. లక్క మీద రేకు పరిచి ఉలితో కొట్టిన గీతలు, పూరేకుల అంచులు, ఉబ్బెత్తుగా లేచిన దేవతా రూపం ఒక్కొక్కటే బయటపడతాయి. జనగామ పక్కనే, హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీదున్న ఈ ఊరి పనితనానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఎడిటింగ్‌లో తొందరపడి కాంట్రాస్ట్ పెంచారా, వెలుగు పడ్డ చోటల్లా తెల్లటి మచ్చ మిగులుతుంది. ఉలి దెబ్బ ఆ మచ్చలో కలిసిపోతుంది. హైలైట్లు తగ్గించి నీడను నీడగానే వదిలేస్తే, శిల్పి చెయ్యి ఎటు తిరిగిందో కూడా ఫొటో చెబుతుంది.

ఫొటోను దిద్దడం పాత విద్యే. ఫొటోషాప్ వచ్చింది 1990లో. అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నుంచీ స్టూడియోల్లో ‘టచింగ్’ చేసేవాళ్లున్నారు. నెగెటివ్‌ను వెలుతురు బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది ముడతలో సన్నని చుక్కలు నింపేవారు. నెగెటివ్‌లో పెన్సిల్ పడిన మేర ప్రింటులో తెల్లబడుతుంది కాబట్టి ముడత పలచబడేది. నల్లబరచాల్సిన చోట బ్లేడుతో మెల్లగా గీకేవారు. డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ కింద అరచెయ్యి అడ్డుపెట్టి ఒకచోట వెలుగు ఆపేవారు, ఇంకోచోట ఎక్కువసేపు పడనిచ్చేవారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో డాడ్జ్, బర్న్ అనే పనిముట్లు ఆ చేతి నీడలే. తేడా ఒక్కటే, అప్పట్లో గీకిన నెగెటివ్ మళ్లీ మామూలు కాదు. ఆ భయం వల్ల చెయ్యి ఆచితూచి కదిలేది. ఇప్పుడు అన్‌డూ ఉంది కనుక ఆ నిదానాన్ని ఎవరికి వారే అలవాటు చేసుకోవాలి.

బతుకమ్మ రోజుల్లో ఈ నిదానానికి పెద్ద పరీక్ష. తంగేడు పసుపు కెమెరాలో ఎరుపు, ఆకుపచ్చ ఛానళ్లు రెంటినీ అంచుదాకా నెడుతుంది. దాని మీద సాచురేషన్ ఇంకో పది పాయింట్లు పెంచితే విడివిడి రేకులు పోయి పసుపు ముద్ద మిగులుతుంది. పక్కన గునుగుకు అద్దిన గులాబీ, నీలం రంగులదీ అదే గతి. మొత్తం ఫొటోకు రంగు పెంచే బదులు పసుపును ఒక్కదాన్నే పట్టుకుని కొంచెం ముదురు చేస్తే పూల వరసలు తిరిగి విచ్చుకుంటాయి. బతుకమ్మను, తెలంగాణ పల్లె బతుకును దశాబ్దాల పాటు తీసిన వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ 2022లో కన్నుమూశారు. ఆయన బతుకమ్మ చిత్రాల్లో పూలకు ఎంత చోటుందో వాటిని పేర్చే ఆడవాళ్లకూ అంత చోటుంది. రంగులు మరీ అరిస్తే ఆ ముఖాల వైపు కన్ను పోదు.

మానుకోట వైపు మిరప కల్లాల్లోనూ ఇదే చిక్కు, ఈసారి ఎరుపుతో. హిస్టోగ్రామ్‌ను మొత్తంగా చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఎరుపు ఛానల్‌ను విడిగా చూస్తే కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. రా ఫైలులో తీసినవారికి కొంత వెసులుబాటు దక్కుతుంది. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో ఛానల్‌కు 16,384 మెట్లుంటే, జేపెగ్‌లో 256 మాత్రమే.

అన్నిటికంటే బాధపెట్టేది పెండ్లి ఆల్బమ్. ‘పిల్లను కొంచెం తెల్లగా చెయ్యండి’ అన్న మాట వినని స్టూడియో ఉండదు. చామనఛాయ ముఖాన్ని తెల్లబరచగానే చేతులు వేరే మనిషివిలా కనిపిస్తాయి. నలుగు పెట్టిన పసుపు పాలిపోతుంది, పుస్తెలతాడు బంగారం రంగు మారుతుంది. ఆ పసుపును ఆటో వైట్ బ్యాలెన్స్ కూడా తప్పు రంగనుకుని నీలం కలిపి చంపుతుంది. పందిట్లోని తెల్ల పంచెనో, బూడిదరంగు కార్డునో ఆధారం చేసుకుని రంగు సరిచేసి, ముఖం మీద వెలుగు అర స్టాప్ పెంచి చూపిస్తే చాలామంది తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. వాళ్లు కోరుకునేది బిడ్డ కళగా కనిపించాలని. ఆ కళ వెలుగుతో వస్తుంది, చర్మం రంగు మార్చనక్కర్లేదు.

ఎడిటింగ్‌లో మొదటి పని ఏరివేత. వేల ఫ్రేములన్నిటికీ ఒకే ప్రీసెట్ వేసి ఇచ్చేకంటే, తాళి కట్టే క్షణంలో తీసిన ఇరవైలో ఒక్కటి ఎంచి దాని మీద పది నిమిషాలు కూర్చోవడం మేలు. రాత్రి చేసిన పనిని పొద్దున మరోసారి చూడాలి, అలసిన కన్ను రంగులు ఎక్కువ అడుగుతుంది. లైట్‌రూమ్‌లో బ్యాక్‌స్లాష్ నొక్కితే ముందటి రూపం వస్తుంది. స్క్రీన్ వెలుగు మరీ ఎక్కువ పెట్టుకుని దిద్దితే ల్యాబ్ నుంచి ప్రింట్లు నల్లగా వస్తాయి.

వార్తా చిత్రాలకు గీత ఇంకా కఠినం. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో ఆఖరి దశ ముందు దాకా చేరినవాటిలో దాదాపు ఐదో వంతును మితిమీరి దిద్దారని తప్పించారు.

భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టలో మాత్రం రంగును విపరీతంగా లాగడమే సరైన పని అవుతుంది. రేగొండ మండలంలోని ఈ రాతి గుహల్లో ఆదిమానవులు వేసిన బొమ్మలు వెలిసిపోయి, కంటికి ఆనీ ఆనకుండా ఉంటాయి. ఇలాంటి చిత్రాల కోసమే జాన్ హార్మన్ 2005లో డీస్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. దగ్గరి దగ్గరి రంగుల మధ్య తేడాను అది అనేక రెట్లు సాగదీస్తుంది. రాయి నీలంగానో ఆకుపచ్చగానో మారిపోతుంది, అందులోంచి ఎర్రటి జంతువు కాళ్లు, వీపు, కొమ్ములు లేస్తాయి. పద్ధతి తెలిసినవారు ఆ ఫైలు పేరులోనే రంగు సాగదీసినదని రాసి, ముట్టని అసలు ఫొటోను దాని పక్కనే, అదే ఫోల్డర్‌లో ఉంచుతారు.